గృహిణీ ప్రసంగము: తాజాపాలా? పెట్టెపాలా?

ఇంటిలో ఏ వస్తువు కొఱవడినను ఒకపూట సర్దుకొనవచ్చును గాని పాలు లేనిదే మన ఇండ్లలో తెల్లవారదని సోదరీమణులందఱు ఎఱిగినదే. బిడ్డలకు పాలు, పెద్దలకు మజ్జిగ, వచ్చిన చుట్టమునకు కాఫీ, దేవునికి నైవేద్యము, భోజనము చివర పెరుగన్నము. ఇన్ని పనులును ఆ ఒక్క పాలగిన్నె మీదనే ఆధారపడియున్నవి. అట్టి పాలవిషయమున నేడు గృహిణి యెదుట మూడు మార్గములు కలవు. పొరుగింటి గేదెపాలు వాడుకగా పోయించుకొనుట మొదటిది. డెయిరీవారి ప్యాకెట్ పాలు కొనుట రెండవది. అట్టపెట్టెలో వచ్చి, ఫ్రిజ్జు అక్కఱలేక నెలల తరబడి నిలుచు పాలు మూడవది. ఈ మూడవ రకమును కొన్ని దేశములవారు నెత్తిన పెట్టుకొనిరి, కొన్ని దేశములవారు ముట్టనైన ముట్టరు. ఈ భేదమున కేమి కారణము? మన కోనసీమ గృహిణికి దీనివలన తెలియవలసిన దేమి? ఈ మాసము మేము ముచ్చటింపదలచినది ఈ సంగతియే.

ముందుగా ఈ పాలకు గల తేడా తెలిసికొందము. పితికిన పచ్చిపాలను మనము పొంగు వచ్చువఱకు కాచెదము. ఆ వేడి సుమారు 100 డిగ్రీలు. ప్యాకెట్ పాలను డెయిరీలో 72 డిగ్రీల వేడిలో 15 సెకనులుంచి, వెంటనే నాలుగైదు డిగ్రీలకు చల్లార్చెదరు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడైన లూయీ పాశ్చరు పేరిట దీనిని పాశ్చరైజేషన్ అందురు. రోగములు కలిగించు క్రిములు దీనితో నశించును గాని, పాలను చెడగొట్టు క్రిములు కొన్ని మిగులును. కనుకనే ఆ పాలు చల్లదనములోనే ఉండవలెను. అప్పుడును కొలది దినములే నిలుచును.

పెట్టెపాల పద్ధతి వేఱు. వానిని 135 డిగ్రీలకు మించిన వేడిలో కొన్ని సెకనులు మాత్రమే ఉంచి, చల్లార్చి, ముందే క్రిమిరహితముగా శుద్ధిచేసిన పెట్టెలో గాలి సోకకుండ నింపి మూసివేసెదరు. సామాన్యముగా కాచినప్పుడు చావని మొండి క్రిమిబీజములు సైతము ఆ వేడికి నశించును. ఆ పెట్టె కేవలము అట్ట కాదు; అట్ట, ప్లాస్టిక్కు, పలుచని అల్యూమినియము రేకు పొరలుగా అతికి చేసినది. వెలుతురును గాలియును లోనికి పోవు. అందువలననే ఆ పాలు మూడు మాసములు, ఆఱు మాసములు చెడక యుండును. ఏదో మందు కలిపిననే గాని పాలు అన్నాళ్లు నిలువవని మనలో కొందఱు భయపడుదురు. ఆ భయము సరికాదు. ఆ పాలను నిలుపునది వేడియు, మూతయు మాత్రమే.

ఈ పెట్టెకు పుట్టినిల్లు స్వీడను దేశము. అందలి లుండ్ నగరమున 1951లో టెట్రాప్యాక్ సంస్థ స్థాపింపబడెను. క్రిమిరహితముగా పాలు నింపు యంత్రమును ఆ సంస్థవారు 1961లో స్విట్జర్లాండులో లోకమునకు చూపిరి. అయినను వింత యేమనగా, పెట్టెను కనిపెట్టిన స్వీడనువారు తాము మాత్రము తాజాపాలే త్రాగుదురు! ఇంగ్లాండు, నార్వే దేశములయందును అంతియే. అచ్చట అమ్ముడుపోవు పాలలో పెట్టెపాలు పదింట ఒకవంతైనను లేవు. ఫ్రాన్సు, స్పెయిను, బెల్జియము దేశములయందు దీనికి పూర్తిగా విపర్యయము. అచ్చట పదింట తొమ్మిదివంతులకు పైగా పెట్టెపాలే. ఇరుగుపొరుగు దేశములే, ఒకే జాతి ఆవులే, ఒకే యంత్రములే. అలవాట్లు మాత్రము ఇట్లు ఎడమొగము పెడమొగముగా నున్నవి.

ఇది నాలుక చేసిన పని మాత్రమే యని మేము తలంపము. ఇంగ్లాండులో పాలవాడు తెల్లవారకముందే సీసాలు గుమ్మమున పెట్టి పోవు వాడుక చిరకాలముండెను. వారి తేనీటిలో కాచని చల్లనిపాలు పోయుట ఆచారము. ఆ తేనీటిలో పెట్టెపాలు పోసిన 'ఉడికిన వాసన' వచ్చునని వారి ఫిర్యాదు. చట్టమును ఆ అలవాటునకు కాపు కాచినది. పరదేశములనుండి పెట్టెపాలు దిగుమతి కాకుండ బ్రిటిషు ప్రభుత్వమువారు పెట్టిన నిబంధనలు చెల్లవని యూరపు న్యాయస్థానము 1983లో తీర్పు చెప్పవలసివచ్చెను. ఫ్రాన్సు, స్పెయిను దేశస్థులో, పాలను గ్లాసులతో త్రాగుటకన్న జున్నుగడ్డలుగా, వెన్నగా తినుటయే మక్కువ. ఉదయము కాఫీలో పోయు పాలు పెట్టెలోనివైనను వారికి లోటు తోచదు. పెద్ద అంగడికి వారమున కొకమాఱు పోయి, ఆఱేసి పెట్టెలు కట్టిన కట్ట తెచ్చి అటకమీద పెట్టుకొందురు. పైగా అచ్చట తాజాపాలకన్న పెట్టెపాలే చవుక. చల్లని బండ్లు, చల్లని అలమరలు అక్కఱలేకపోవుటచేత అమ్మువానికి ఖర్చు తగ్గును.

అమెరికాలో మఱియొక విచిత్రము. చల్లగా లేని పాలను అచ్చటివారు నమ్మరు. వారు ఎక్కువ ధరపెట్టి కొను 'ఆర్గానిక్' పాలలో అనేకము అధికమైన వేడిలో కాచినవే యైనను, అంగడివారు వానినిగూడ ఫ్రిజ్జు అలమరలోనే ఉంచి అమ్ముదురు. అచ్చటికి కాపురమునకు వెళ్లిన మన తెలుగు ఆడపడుచులు ఆ పాలు తోడుపెట్టి, పెరుగు గట్టిగా తోడుకొనలేదని తల్లులకు ఫోనులో చెప్పుకొనుట కలదు. దోషము వారి చేతిలో లేదు. ఆ పాలు కాగిన తీరులో నున్నది.

చైనాలో ఈ ప్రశ్న రుచిని దాటి నమ్మకముదాక పోయినది. 2008లో అచ్చటి పసిబిడ్డల పాలపొడిలో మెలమిను అను రసాయనము కలిసిన సంగతి బయటపడెను. సుమారు మూడు లక్షలమంది బిడ్డలు వ్యాధిగ్రస్తులైరి, ఆఱుగురు మరణించిరి. పాలలో నీరు కలిపి, ఆ మోసము పరీక్షలో దొరకకుండుటకై ఆ విషమును కలిపిరట! అది మొదలు ఎందఱో చైనా తల్లులు స్వదేశపు సరుకును నమ్మలేక, జర్మనీ, న్యూజీలాండు మొదలగు దూరదేశములనుండి ఓడలమీద వచ్చు పెట్టెపాలను, డబ్బాపొడులను కొనసాగిరి. పొరుగున దొరకు పాలమీద నమ్మకము పోయినప్పుడు సముద్రముల కావలి పాలే శరణ్యమగునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన కోనసీమకు మిక్కిలి దగ్గఱి సంగతి యొకటి కలదు. ఈ కాట్రేనికోన, అమలాపురము ప్రాంతములనుండి వేలకొలది స్త్రీలు కువైటు, ఖతారు, ఒమాను, దుబాయి దేశములకు ఇంటిపనులకై వెళ్లి, బిడ్డలను అమ్మమ్మల చేతిలో పెట్టి, ఏండ్ల తరబడి అచ్చట చాకిరి చేసి యిల్లు నిలుపుకొన్నవారు. పెట్టెపాలును, పాలపొడియు వారికి క్రొత్తవి కావు. ఎడారిదేశమున గడ్డి యెక్కడిది, గేదె యెక్కడిది? అట్టిచోట 2017 జూను 5న సౌదీ అరేబియా మొదలగు దేశములు ఖతారుతో సంబంధములు త్రెంచుకొని సరిహద్దు మూసివేసెను. అంతవఱకు ఖతారువారి తాజాపాలలో పెద్దభాగము ఆ సరిహద్దు దాటి వచ్చునదే. వెంటనే తుర్కీనుండి విమానములమీద పాలు దింపిరి. ఆ జూలైలో 165 పాడియావులను విమానమెక్కించి తెచ్చిరి; పిమ్మట వేలకొలది ఆవులు వచ్చెను. బలద్‌నా అను సంస్థ చల్లని పాకలలో వానిని పెంచి, కొలదికాలముననే దేశమునకు కావలసిన పాలు పిండుకొనునట్లు చేసెను. ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. ఆపద మీదపడిన నాడు ఎక్కడినుండియో వచ్చిన పాలే ప్రాణము నిలుపును. ఆపద గట్టెక్కిన మఱునాడు మాత్రము ప్రతి దేశమును తన పాకలో తన పాడి యుండవలెననియే కోరుకొనును.

ఇప్పుడు మన వంటయింటికి వత్తము. పెట్టెపాలకు 'ఉడికిన వాసన' అని ఇంగ్లాండువారు పెట్టిన దోషము మనకు దోషమే కాదు. మనము కాచని పాలు ఎన్నడు త్రాగితిమి? పూర్వము మన పెద్దలు దాలిలో పిడకల సెగమీద ఉదయమునుండి సాయంత్రమువఱకు పాలు కాచి, అవి ఎఱ్ఱబారి, పైన అరచేతి మందమున మీగడ కట్టగా మురిసిపోయెడివారు. ఆ ఎఱుపు, ఆ కమ్మదనము ఎక్కువసేపు కాగుటవలన వచ్చినవే గదా! కావున రుచి కారణముగా మనము పెట్టెపాలను త్రోసివేయలేదు. మఱి యెందుకు త్రోసివేసితిమి? పాలను మనము ముగింపుగా గాక మొదలుగా చూచుట చేతనే. మన గృహిణికి పాలు అనగా పాలు మాత్రమే కాదు. రేపటి పెరుగు, ఎల్లుండి వెన్న, ఆవల నేయి. గేదెపాలలో నూటికి ఏడు పాళ్ల వఱకు వెన్న యుండును; ఆవుపాలలో సుమారు నాలుగు పాళ్లు. ఆ వెన్న మీగడగా తేలి, తోడుకొని, కవ్వముక్రింద ముద్దయై, కాగి నేయి యగును. ఆ నేయి లేనిదే ఆత్రేయపురపు పూతరేకు లేదు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినదన్న, అందు గేదె పాలునుగూడ లెక్కకు తేవలెను.

పెట్టెపాలలో ఈ వరుస తెగిపోవును. అందలి వెన్నబిందువులను యంత్రమున నలిపి, పాలలో సమముగా కలిసిపోవునట్లు చేసెదరు. వానిని ఎంత కాచినను మీగడ కట్టదు. ప్యాకెట్ పాలలోను కొన్నిటి కిట్లే చేయుదురు. తోడుపెట్టిన పెరుగగును గాని, కత్తితో కోయదగిన గట్టితనము రాదు. ఇక జున్ను సంగతి చెప్పనే అక్కఱలేదు. ఈనిన గేదె తొలిపాలు ఏ పెట్టెలో వచ్చును? అది గేదెగలవారు చెంబుతో పంపవలసినదే, మనము బెల్లమును మిరియములును వేసి వండుకొనవలసినదే. ధరయు మనకు అనుకూలము కాదు. యూరపులో చవుకయైన పెట్టెపాలు మనదేశమున ప్యాకెట్ పాలకన్న ఖరీదైనవి. వీధిచివరనుండి వచ్చు పాలకు చల్లనిబండి ఖర్చు లేదు; పెట్టెకు మాత్రము పెట్టె ఖర్చున్నది.

అట్లని పెట్టెపాలు మనకు పనికిరావని మేము చెప్పము. సముద్రమునకును వృద్ధగౌతమికిని నడుమ నున్న ఈ కాట్రేనికోనవారికి వానియవసరము పట్నవాసులకన్న ఎక్కువగా తెలిసియుండవలెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను ఈ ప్రాంతమును ఊడ్చివేసినది. వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరితోటలు నేలగూలెను, పాకలతోబాటు పాడియు పోయెను. పొదుగే లేనినాడు తాజాపాలెక్కడివి? 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పాఱినప్పుడు లంకగ్రామములవారికి ఊరికిని పాలకేంద్రమునకును నడుమ గోదావరియే అడ్డముగా నిలిచెను. కరెంటు లేదు, కరెంటు లేని ఫ్రిజ్జు ఉత్త బీరువా. అట్టి సమయమున చూరుక్రింద పొడిచోట దాచిన నాలుగు పెట్టెలు పిల్లలుగల యింటికి చేయు మేలు ఇంతింత యనరాదు. బలుసుతిప్ప, పల్లం మొదలగు తీరగ్రామములవారు తుపాను హెచ్చరిక వినినంతనే బియ్యము, కిరోసిను, అగ్గిపెట్టెలతోబాటు ఈ పెట్టెలనుగూడ మూటలో కట్టుకొనదగును.

ప్రభుత్వమువారును ఈ సుగుణమునే గ్రహించిరి. 2013లో ఆరంభమైన అమృతహస్తము పథకమున గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చు ఏర్పాటు కలిగినది. తరువాతి సంవత్సరములలో అంగన్‌వాడీలకు కర్ణాటక పాలసమాఖ్యవారి నందిని పెట్టెపాలు వచ్చినవి. ఫ్రిజ్జులేని కేంద్రములకు పాలు చెడక చేరుటకు ఇదియే సులభోపాయము. అయితే ఒక్క మాట. పాలకు పేరుపడిన గోదావరి మండలమున, మన తల్లులకు పంచుపాలు పొరుగు రాష్ట్రమునుండి రావలసివచ్చుట ఆలోచింపదగిన విషయమే గదా!

ఏ పాలు శుద్ధము? ఈ ప్రశ్నకు సమాధానము పెట్టెమీదగాని, చెంబుమీదగాని వ్రాసియుండదు. భారత ఆహారభద్రత, ప్రమాణముల సంస్థవారు దేశమంతట 6,432 పాలనమూనాలను పరీక్షించి 2019లో ఫలితములు ప్రకటించిరి. హానికరమైన కల్తీ దొరికినవి 12 మాత్రమే. కాని 368 నమూనాలలో బూజుపట్టిన మేతవలన వచ్చు అఫ్లాటాక్సిన్ అను విషము హద్దుమించి యుండెను. అదియు పచ్చిపాలలోకన్న డెయిరీపాలలోనే ఎక్కువగా కనబడెను. ఆ విషము మన పొయ్యివేడికి లొంగదు. దీనివలన తేలినదేమి? పాలమంచి పెట్టెలో పుట్టదు. పశువు తిను తెలకపిండిలో, తవుడులో, గడ్డిమేటులో పుట్టును. పాలు పోయు ఆమె గడ్డి తడిసినదా, పొడిగా నున్నదా యని మనము పోయి చూడగలము. పెట్టెవెనుక నున్న పశువును చూడగలమా?

పాలు పోయు ఆమె మాట వచ్చినది గనుక, మా మనసులో నున్నది విప్పి చెప్పెదము. 1965లో ఆనందులో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడుట, 1970లో వర్గీస్ కురియన్ నాయకత్వమున 'ఆపరేషన్ ఫ్లడ్' మొదలగుట, 1998నాటికి మనదేశము పాలయుత్పత్తిలో ప్రపంచమున ప్రథమస్థానము నందుట; ఇదంతయు గొప్ప చరిత్ర. ఆ చరిత్రకు పునాది రెండు గేదెలుగల ఇల్లాలు. తెల్లవారుజామున లేచి పేడతీసి, కుడితిపెట్టి, పాలు పితికి, కేంద్రమున వెన్నశాతము చూపించుకొని తెచ్చుకొను డబ్బు ఆమె చేతి డబ్బు. పిల్లవాని ఫీజునకును, అమ్మాయి పుస్తకములకును మగనిని అడుగ నక్కఱలేని డబ్బు. నేడు ఈ ప్రాంతమున వరిచేలు అనేకము రొయ్యలచెరువులైనవి. చెరువున్న చోట వరిగడ్డి లేదు. గడ్డి లేని చోట గేదె నిలువదు. ఇట్లు పాడి సన్నగిల్లుచున్న సమయమున, నెలకు నాలుగు పెట్టెలు కొని చేతులు కడుగుకొనుట సుఖముగనే యుండును. కాని ప్రతి యిల్లును అట్లే చేసిన, వరద వచ్చిననాడు పెట్టె, వరద పోయిననాడును పెట్టెయే గతి యగును. గేదెను అమ్మివేసిన యింట మరల పాడి కట్టుట పెట్టె కొన్నంత సులభము కాదు సుమా!

కావున మేము చెప్పునది యిది. నిత్యము వాడుకకు తాజాపాలు. ఆపదకును ప్రయాణమునకును పెట్టెపాలు. మీగడ, పెరుగు, నేయి కావలసిన యింట గేదెపాలను మించినవి లేవు. ఒంటరిగా నుండు ముసలమ్మ యింట, హాస్టలులో చదువుకొను పిల్ల గదిలో, కరెంటు నిలువని చోట పెట్టెపాలు తప్పు కాదు. ఎవరి యింటి పని ఏదో చూచుకొని ఆ పనికి తగిన పాలు కొనవలెను గాని, ప్రకటన చూచియు కొనరాదు, పొరుగామెను చూచియు కొనరాదు.

వాడుక విషయమున కొన్ని జాగ్రత్తలు. పచ్చిపాలను పొంగువచ్చువఱకు తప్పక కాచవలెను. ప్యాకెట్ పాలు ఇంటికి వచ్చినంతనే కాచియైన ఉంచవలెను, ఫ్రిజ్జులోనైన పెట్టవలెను. గుమ్మమున ఎండలో వ్రేలాడనీయరాదు. పెట్టెపాలు ముందే కాగినవి గనుక మరల కాచ నక్కఱలేదు. గోరువెచ్చగా చేసికొన్న చాలును. ఊరక మరిగించుటవలన ఉన్న విటమినులు మఱికొంత తగ్గును. మాంసకృత్తులకు, సున్నపు సత్తువకు మాత్రము ఏ పాలలోను పెద్ద లోటు రాదు. పెట్టెను తెఱచిన పిమ్మట అది నిలువపాలు కాదు; సామాన్యపు పాలే. వెంటనే ఫ్రిజ్జులో పెట్టి రెండు మూడు దినములలో ముగింపవలెను. ఫ్రిజ్జు లేనివారు చిన్నపెట్టెలే కొని ఒక్కపూటలో వాడుకొనవలెను. ఉబ్బిన పెట్టె, చిరిగిన పెట్టె, గడువు తేదీ దాటిన పెట్టె ఎంత చవుకగా వచ్చినను పాఱవేయవలసినదే. ఖాళీపెట్టెలు మన కాలువలలో వేయరాదు. ఆ రేకుపొర మట్టిలో కలియదు.

అన్నిటికన్న ముఖ్యమైన మాట పసిబిడ్డలను గూర్చినది. ఆఱుమాసములు నిండువఱకు బిడ్డకు తల్లిపాలే పాలు. గేదెపాలు గాని, ప్యాకెట్ పాలు గాని, అందమైన పెట్టెలోని పాలు గాని ఆ పాలకు సాటిరావు. తల్లికి పాలు చాలనప్పుడు డాక్టరుగారి నడిగి చేయవలెనే గాని, చేతికందిన పెట్టెను సీసాలో వంపరాదు.

ఫ్రాన్సు గృహిణి అటకమీద పెట్టె చూచికొని నిశ్చింతగా నిదురించును. ఇంగ్లాండు గృహిణి ఫ్రిజ్జు తెఱచి చూచికొని నిదురించును. మన గృహిణి రాత్రి పాలు తోడుపెట్టి మూతవేసి నిదురించును. ఎవరి నమ్మకము వారిది. మన నమ్మకము నిలువవలెనన్న తోడుచుక్కతోబాటు ఆ పాలిచ్చిన పాకయు ఊరిలో నిలువవలెను. వచ్చు తుపానుకాలమునకు నాలుగు పెట్టెలు దాచుకొనుడు. ఈ మాసపు పాలడబ్బు మాత్రము పాలు పోయు ఆమెకు మొదటి తేదీననే చెల్లింపుడు.